కంపెనీ వెబ్‌సైట్ రీడిజైన్‌కు కాంట్రాక్ట్ యూఎక్స్ డిజైనర్‌గా పనిచేయడం: ఒప్పందం నుంచి అప్పగింత దాకా

కంపెనీలో ఉద్యోగిగా ఉన్న యూఎక్స్ (వాడుకరి అనుభవం) డిజైనర్ చేసే పనీ, కొన్ని నెలల కాంట్రాక్ట్ మీద వచ్చిన డిజైనర్ చేసే పనీ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరూ వాడుకరులతో మాట్లాడతారు, వైర్‌ఫ్రేమ్‌లు (పేజీల ముడి నమూనాలు) గీస్తారు, డెవలపర్లతో కూర్చుంటారు. తేడా పని ముగిశాక బయటపడుతుంది. మెనూలో ఫలానా పేరే ఎందుకు పెట్టారని, ఫారంలో ఫలానా గడి ఎందుకు తీసేశారని ఆరు నెలల తర్వాత కొత్తగా వచ్చిన మార్కెటింగ్ మేనేజర్ అడిగితే, ఉద్యోగి అయిన డిజైనర్ అక్కడే ఉండి జవాబు చెప్పగలరు. కాంట్రాక్ట్ డిజైనర్ అప్పటికి ఇంకో ప్రాజెక్టులో ఉంటారు. జవాబు చెప్పేవారు లేని నిర్ణయం ఎక్కువ కాలం నిలవదు. ఎవరికి తోచినట్లు వారు మార్చుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి సైట్ మళ్లీ పాత స్థితికే చేరుతుంది. అందువల్ల కాంట్రాక్ట్ మీద పనిచేసేవారు తాము వెళ్లిపోయే రోజును మొదటి నుంచీ దృష్టిలో ఉంచుకోవాలని, ప్రతి నిర్ణయంతో పాటు దాని కారణాన్నీ కంపెనీ చేతిలో పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. కింది అడుగులన్నీ ఆ ఉద్దేశంతో రాసినవే.

## మొదటి అడుగు: ఒప్పుకునే ముందు అసలు ఇబ్బంది తెలుసుకోండి

"మా సైట్ పాతబడిపోయింది, కొత్తగా కనిపించాలి" అన్న మాటతోనే చాలా రీడిజైన్‌లు మొదలవుతాయి. ఆ మాటను కాదనకుండానే దాని వెనక ఉన్న ఇబ్బందిని రాబట్టాలి. "ఇప్పుడున్న సైట్ వల్ల మీకు ఏ పని ఆగిపోతోంది?" అన్న ప్రశ్న ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. ఎంక్వైరీలు రావడం లేదని సేల్స్ విభాగం చెప్పవచ్చు. సైట్‌లో ఉన్న సమాచారం కోసమే జనం ఫోన్లు చేస్తున్నారని సపోర్ట్ విభాగం చెప్పవచ్చు. ఒక్క వాక్యం మార్చాలన్నా డెవలపర్ కోసం వారం రోజులు ఎదురుచూడాల్సి వస్తోందని మార్కెటింగ్ వారు చెప్పవచ్చు. ఇవి మూడు వేర్వేరు ప్రాజెక్టులు. చివరిది నిజానికి కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (సైట్‌లోని రాతలను మార్చే సాఫ్ట్‌వేర్) సమస్య. ఎంత మంచి డిజైన్ ఇచ్చినా అది తీరదు కాబట్టి ఆ సంగతి క్లయింటుకు ముందే చెప్పడం న్యాయం.

ఆ తొలి సంభాషణలోనే తుది నిర్ణయం ఎవరిదో, కంటెంట్ ఎవరు రాస్తారో, డెవలప్‌మెంట్ లోపలి బృందం చేస్తుందో బయటి ఏజెన్సీ చేస్తుందో, లాంచ్ తేదీ ఏదైనా కార్యక్రమానికి ముడిపడి ఉందో తేల్చుకోవాలి. వీటిలో కంటెంట్ ప్రశ్నను అసలు వదలకండి. రీడిజైన్ ఆలస్యం కావడానికి నేను తరచుగా చూసే కారణం డిజైన్ కాదు, ఎవరూ రాయకుండా మిగిలిపోయిన కంటెంట్. తెలిసిన జవాబులన్నీ అదే రోజు ఈమెయిల్‌లో రాసి పంపితే, తర్వాత తలెత్తే సగం అపార్థాలు అక్కడే ఆగిపోతాయి.

ధర చెప్పే ముందు సైట్‌ను మీరే స్వయంగా తిరిగి చూడండి. పేజీలను లెక్కపెట్టడం కన్నా టెంప్లేట్లను లెక్కపెట్టడం మేలు. వెయ్యి పేజీలున్న సైట్‌లో కూడా హోం, ఉత్పత్తుల జాబితా, ఉత్పత్తి వివరం, వార్త, ఉద్యోగ ప్రకటన, సంప్రదింపు ఫారం వంటి పది పన్నెండు రకాల పేజీలే ఉండవచ్చు. మీ శ్రమ ఆ రకాల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

## రెండో అడుగు: ఒప్పందంలో ఏముండాలి

పనిని రెండు ఒప్పందాలుగా విడదీయడం అన్నిటికన్నా క్షేమమని నా అభిప్రాయం. మొదటిది పరిశోధనా దశకు మాత్రమే. రెండు మూడు వారాల పనికి విడిగా రుసుం తీసుకుని, చివర్లో సమస్యల నివేదికనూ ప్రతిపాదిత స్కోప్‌నూ (పని పరిధినీ) అందజేస్తారు. రెండోది డిజైన్ దశకు. మొదటి దశ పూర్తయ్యాక వేసిన అంచనా గాలిలో లెక్క కాదు కాబట్టి దానికి స్థిరమైన మొత్తం చెప్పగలుగుతారు. మీ పని తీరు నచ్చకపోతే క్లయింటు కూడా అక్కడితో గౌరవంగా ఆగిపోవచ్చు. సైట్ ఏమిటో తెలియకుండానే మొత్తం పనికి ఒక్క అంకె చెప్పమని అడిగితే, ఆ అంకె మీకో క్లయింటుకో తప్పకుండా నష్టం చేస్తుంది.

స్కోప్‌లో ఏ టెంప్లేట్లు ఇస్తారో పేర్లతో సహా రాయండి. ప్రతి టెంప్లేట్‌కు ఏ స్క్రీన్ వెడల్పులలో డిజైన్ ఉంటుందో, ఎన్ని విడతల సవరణలు రుసుంలో కలిసి ఉన్నాయో, ఫొటోలు, ఐకాన్లు, అనువాదాలు ఎవరి బాధ్యతో స్పష్టంగా ఉండాలి. ఏవి చేయరో రాసే పేరా కూడా అంతే ముఖ్యం. అలాగే క్లయింటు అభిప్రాయం చెప్పడానికి గడువు పెట్టండి. ఐదు పనిదినాల్లోగా అభిప్రాయం అందకపోతే, ఎన్ని రోజులు ఆలస్యమైతే షెడ్యూల్ అన్ని రోజులు వెనక్కి జరుగుతుందని రాసి ఉంటే, ఆలస్యమైనప్పుడు వాదించాల్సిన అవసరం రాదు.

చెల్లింపుల విషయంలో ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు: మీ చేతిలో లేని సంఘటనకు మీ ఇన్‌వాయిస్‌ను ముడిపెట్టకండి. "సైట్ లాంచ్ అయ్యాక మిగతా మొత్తం" అన్న షరతు చూడటానికి సహజంగానే ఉంటుంది గానీ, డెవలపర్లు వేరే పనిలో పడినా, కంటెంట్ రాకపోయినా, కంపెనీ యాజమాన్యం మారినా లాంచ్ నెలల తరబడి వాయిదా పడుతుంది. అడ్వాన్స్ కొంత, వైర్‌ఫ్రేమ్‌ల ఆమోదానికి కొంత, తుది డిజైన్ ఫైళ్ల అప్పగింతకు కొంత, ఇలా మీరు అందించే వాటికే మైలురాళ్లు పెట్టుకోండి. ప్రాజెక్టు మధ్యలో ఆగితే అప్పటివరకు చేసిన పనికి ఎలా లెక్క కడతారో కూడా రాసుకోండి.

హక్కుల సంగతి చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు. చాలా దేశాల్లో స్వతంత్రంగా పనిచేసేవారి సృష్టిపై కాపీరైట్, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, వారి దగ్గరే ఉంటుంది. క్లయింటుకు ఆ హక్కు కావాలి, అడగడంలో తప్పు లేదు. పూర్తి చెల్లింపు అందిన తర్వాతే బదిలీ జరుగుతుందని రాయించుకోవడం మీ వంతు. గోప్యతా ఒప్పందం ఉంటే, లాంచ్ తర్వాత బహిరంగంగా కనిపించే పేజీలను మీ పోర్ట్‌ఫోలియోలో చూపించుకునేందుకు అనుమతినీ అదే పత్రంలో చేర్చండి. ఫాంట్ల లైసెన్సులను కంపెనీ పేరు మీదే కొనాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వాడటానికి ఇచ్చే లైసెన్సూ, వెబ్‌సైట్‌లో వాడటానికి ఇచ్చే లైసెన్సూ తరచుగా వేర్వేరుగా ఉంటాయన్నది మరవకండి.

## మూడో అడుగు: మొదటి వారంలో అనుమతులు, పరిచయాలు, కొలతలు

అనలిటిక్స్ (సందర్శకుల లెక్కలు), సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటలో సైట్ ఎలా కనిపిస్తోందో చూపే పరికరం), సైట్‌లోని సెర్చ్ పెట్టె రికార్డులు, సపోర్ట్ టికెట్లు, బ్రాండ్ ఫైళ్లు, వీటన్నిటికీ మొదటి రోజే అనుమతి అడగండి. ఐటీ విభాగం ద్వారా రావాల్సినవి కాబట్టి ఆలస్యమవుతాయి. గూగుల్ అనలిటిక్స్ 4 వాడుతున్న కంపెనీ అయితే వెంటనే చూడాల్సిన సెట్టింగ్ ఒకటుంది. వాడుకరి స్థాయి, ఈవెంట్ స్థాయి డేటా నిల్వ కాలం అందులో డిఫాల్ట్‌గా 2 నెలలే ఉంటుంది, మామూలు ఖాతాలో దాన్ని 14 నెలలకు పెంచుకోవచ్చు. సాధారణ రిపోర్టులపై దీని ప్రభావం ఉండదు గానీ, లోతుగా విశ్లేషించే ఎక్స్‌ప్లోరేషన్లలో పాత డేటా కనిపించదు. కొత్త సైట్‌ను పాతదానితో పోల్చాలనుకుంటే ఈ మార్పు ఈ రోజే జరగాలి.

పాత సైట్ కొలతలను ఇప్పుడే నమోదు చేసి పెట్టుకోవడం కూడా ఈ వారంలో చేయాల్సిన పనే. నెలకు ఎన్ని ఫారాలు వస్తున్నాయి, అందులో ఎన్ని నిజంగా పనికొచ్చే ఎంక్వైరీలు, సపోర్ట్‌కు వచ్చే ఫోన్లలో ఏ ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి అన్నవి తేదీతో సహా రాసి పెట్టండి. పాత సైట్ తీసేశాక ఈ కొలతలు ఎవరూ మళ్లీ ఇవ్వలేరు.

ఇక పరిచయాలు. మిమ్మల్ని పిలిచిన మేనేజర్‌తో పాటు ఫోన్లు ఎత్తేవారితో, సేల్స్‌లో కొత్తగా చేరినవారితో, నియామకాలు చూసేవారితో అరగంట చొప్పున మాట్లాడండి. కస్టమర్ల నోటి మాటలు వారి దగ్గరే దొరుకుతాయి. బయటివారు కాబట్టి మీకో సౌలభ్యం ఉంది. ఉద్యోగి అడగడానికి మొహమాటపడే ప్రాథమిక ప్రశ్నలను మీరు నిస్సంకోచంగా అడగవచ్చు. ఆ సౌలభ్యం మొదటి కొన్ని వారాలే ఉంటుంది, పూర్తిగా వాడుకోండి.

నిర్ణయాల చిట్టాను కూడా ఈ వారంలోనే తెరవండి. కంపెనీవారు రోజూ వాడే చోటే, ఒక సాధారణ స్ప్రెడ్‌షీట్‌గా ఉంటే చాలు. తేదీ, నిర్ణయం, కారణం, పరిశీలించి వదిలేసిన ప్రత్యామ్నాయం, ఒప్పుకున్నవారి హోదా, ఎప్పుడు మళ్లీ ఆలోచించాలి అన్న ఆరు నిలువు వరుసలు అందులో ఉండాలి.

## నాలుగో అడుగు: ఆధారాలు సేకరించండి

ముందుగా ఉన్న సరుకు తెలియాలి. స్క్రీమింగ్ ఫ్రాగ్ వంటి క్రాలర్‌తో (సైట్ లింకులన్నిటినీ తిరిగి చూసే సాఫ్ట్‌వేర్‌తో) సైట్‌లోని చిరునామాలన్నీ ఒక షీట్‌లోకి తెచ్చి, ప్రతి పేజీకి ఎవరు బాధ్యులో, చివరిసారి ఎప్పుడు మార్చారో, ఏడాదిలో ఎంతమంది చూశారో చేర్చండి. చివరి నిలువు వరుసలో "ఉంచడం", "కలపడం", "తిరిగి రాయడం", "తీసేయడం" అన్న నాలుగింటిలో ఒకటి రాయాలి. పేజీకి బాధ్యులెవరో ఎవరికీ తెలియదని తేలితే అది కూడా ఒక సమాచారమే.

ఆ తర్వాత సైట్‌లోని సెర్చ్ పెట్టెలో జనం ఏం టైప్ చేశారో చూడండి. ఒక ఉదాహరణ తీసుకుందాం. పంపులు తయారుచేసే కంపెనీ ఒకటి ఉందనుకోండి. హోం పేజీలో కంపెనీ ఆశయాలు చెప్పే పెద్ద బ్యానర్, మెనూలో "సొల్యూషన్స్", "మా గురించి", "మీడియా" ఉన్నాయి. సెర్చ్ రికార్డుల్లో మాత్రం మోడల్ నంబర్లు, "మాన్యువల్", "సీల్ కిట్" అన్న మాటలే వరుసగా కనిపిస్తాయి. ఆ మాన్యువల్స్ ఎక్కడున్నాయని వెతికితే "మీడియా" కింద "డౌన్‌లోడ్స్" అన్న పేజీలో, ఫైలు పేర్లు తప్ప ఇంకే వివరమూ లేని పీడీఎఫ్‌ల జాబితాగా దొరుకుతాయి. సైట్‌కు కొత్తగా కొనేవారు వస్తారని కంపెనీ అనుకుంటోంది. ఇప్పటికే కొని, పంపు ఆగిపోయి, విడిభాగం కోసం వెతుకుతున్నవారే ఎక్కువగా వస్తున్నారని రికార్డులు చెబుతున్నాయి. ఈ ఒక్క సంగతి దొరికితే మెనూ నుంచి ఉత్పత్తి పేజీ దాకా అన్నీ మారతాయి.

రికార్డులు ఏం జరిగిందో చెబుతాయి, ఎందుకో చెప్పవు. దానికి మనుషులతోనే మాట్లాడాలి. ఒక్కో వర్గం నుంచి ఐదారుగురిని ఎంచుకుని, రికార్డింగ్‌కు రాతపూర్వక సమ్మతి తీసుకుని, "మీకు ఏం కావాలి" అని కాకుండా "చివరిసారి మా సైట్‌కు ఎందుకు వచ్చారు, అప్పుడేం చేశారు" అని అడగండి. ఊహించి చెప్పే కోరికకన్నా జరిగిన పని మీద మాట్లాడినప్పుడే నమ్మదగిన వివరాలు వస్తాయి.

## ఐదో అడుగు: సమాచారాన్ని అమర్చడం

కంపెనీ వెబ్‌సైట్ మెనూ చాలాసార్లు ఆ కంపెనీ విభాగాల పటంలా ఉంటుంది. విభాగాల మధ్య సరిహద్దులు లోపలివారికి తెలుసు, బయటివారికి వాటితో పని లేదు. అంశాలను వాడుకరులే తమకు తోచినట్లు గుంపులు చేసి పేర్లు పెట్టే కార్డ్ సార్టింగ్ ఇక్కడ ఉపయోగపడుతుంది. దీనికి 15 మంది సరిపోతారని వాడుక సౌలభ్య నిపుణుడు యాకబ్ నీల్సన్ 2004లో సూచించారు. గుంపుల నుంచి మెనూ నమూనా తయారయ్యాక, రంగులూ బొమ్మలూ లేని వట్టి పేర్ల చెట్టుతో ట్రీ టెస్టింగ్ (ఇచ్చిన పని కోసం జనం ఏ పేరు నొక్కుతారో చూసే పరీక్ష) చేయండి.

ట్రీ టెస్టింగ్‌లో ఇచ్చే పని వాక్యమే పరీక్షను నిలబెడుతుంది లేదా పాడుచేస్తుంది. మెనూలో "విడిభాగాలు" అని ఉన్నప్పుడు "విడిభాగాల సమాచారం ఎక్కడ ఉంటుంది" అని అడిగితే అందరూ సరిగ్గానే నొక్కుతారు, మీకేమీ తెలియదు. "మీ పంపు దగ్గర నీరు కారుతోంది, మార్చాల్సిన రబ్బరు సీల్ ఏదో తెలుసుకోవాలి" అని అడిగితే పేరు నిజంగా పనిచేస్తుందో లేదో తెలుస్తుంది.

ఫలితం వచ్చాక చిట్టాలో చేరే నమోదు ఇలా ఉండాలి. "నిర్ణయం: మెనూలో 'సొల్యూషన్స్' తీసేసి 'పంపులు', 'మాన్యువల్స్, విడిభాగాలు' అన్న రెండు అంశాలు పెట్టడం. కారణం: సెర్చ్ రికార్డుల్లో మోడల్ నంబర్లు, మాన్యువల్స్ ముందున్నాయి, ట్రీ టెస్ట్‌లో ఎక్కువమంది సీల్ కోసం 'సొల్యూషన్స్' తెరిచి వెనక్కి వచ్చారు. వదిలేసిన ప్రత్యామ్నాయం: 'సపోర్ట్' అన్న ఒకే పేరు, ఫోన్ నంబర్ ఉంటుందని జనం ఊహించారు. మళ్లీ ఆలోచించాల్సిన సందర్భం: కంపెనీ విడిభాగాలను ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టినప్పుడు." ఇంత స్పష్టంగా రాసి ఉన్న నిర్ణయాన్ని మార్చాలనుకునేవారు కనీసం ఆ కారణాలతో వాదించాల్సి వస్తుంది.

## ఆరో అడుగు: అసలు కంటెంట్‌తో వైర్‌ఫ్రేమ్‌లు

అర్థం లేని నమూనా వాక్యాలతో నింపిన వైర్‌ఫ్రేమ్ ఎప్పుడూ అందంగానే ఉంటుంది. మూడు కార్డులలో మూడేసి వరుసలు చక్కగా అమరుతాయి. అసలు ఉత్పత్తి పేరు రెండున్నర వరుసలు ఉన్నప్పుడు, ఒక మోడల్‌కు ఫొటోయే లేనప్పుడు, సాంకేతిక వివరాల పట్టికలో ఇరవై అడ్డ వరుసలు ఉన్నప్పుడు ఆ అమరిక కూలిపోతుంది. అందువల్ల అతి పొడవైన పేరు, అతి చిన్న వివరణ, ఖాళీగా ఉండే స్థితి, ఈ మూడింటినీ ప్రతి టెంప్లేట్‌లోనూ పెట్టి చూడండి. కంటెంట్ రాసేవారితో ఈ దశలోనే కూర్చుంటే, ప్రతి పేజీకి ఎన్ని పదాలు కావాలో వారికీ తెలుస్తుంది.

ఫారాల మీద ప్రత్యేకంగా సమయం పెట్టండి, ఎందుకంటే కంపెనీ సైట్‌లో డబ్బుకు నేరుగా ముడిపడిన చోటు అదే. ప్రతి గడిని చూపించి "ఇది నింపాక ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు?" అని అడగండి. జవాబు లేని గడి తీసేయాలి. గడి పేరును గడి లోపల లేతరంగు అక్షరాల్లో కాకుండా పైన విడిగా రాయాలి, లేకపోతే టైప్ చేయడం మొదలుపెట్టగానే ఏ గడిలో ఉన్నామో మరిచిపోతాం. ఫోన్ నంబర్ మధ్యలో ఖాళీ వదిలారని తప్పు చూపించే ఫారాలు నేటికీ ఉన్నాయి. ఆ ఖాళీని కోడ్ తీసేసుకోగలదు, మనిషికి ఆ శ్రమ ఎందుకు? పొరపాటు సందేశంలో తప్పేమిటో, ఎలా దిద్దాలో రెండూ ఉండాలి. "చెల్లని ఎంట్రీ" అన్న మాట వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

## ఏడో అడుగు: పరీక్షించడం

ఐదుగురితో పరీక్షిస్తే చాలన్న మాట అందరూ వింటారు గానీ దాని వెనక లెక్క కొందరికే తెలుసు. నీల్సన్, థామస్ లాండవర్ 1993లో ప్రచురించిన నమూనా ప్రకారం ఒక్కో వాడుకరికి సగటున 31 శాతం సమస్యలు ఎదురవుతాయని అనుకుంటే, ఐదుగురితో దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయి. ఆ 31 శాతం అన్నది అన్ని సైట్‌లకూ వర్తించే అంకె కాదు. పైగా కొనేవారు, మరమ్మతు చేసేవారు, ఉద్యోగం కోసం వచ్చేవారు అన్న మూడు వర్గాలు ఉంటే ఒక్కో వర్గానికి విడిగా మనుషులు కావాలి. అందుకే పదిహేను మందితో ఒక్కసారి పరీక్షించడం కన్నా, ఐదుగురితో పరీక్షించి, దిద్ది, మళ్లీ ఐదుగురితో పరీక్షించడం మంచిది.

పరీక్షలను చూడటానికి క్లయింటు వైపు నుంచి కనీసం ఇద్దరిని పిలవండి, నిర్ణయం తీసుకునేవారిలో ఒకరు తప్పక ఉండాలి. ఇరవై పేజీల నివేదిక చేయలేని పనిని, తమ కస్టమర్ ఒక బటన్ కోసం నిమిషం పాటు వెతకడాన్ని కళ్లారా చూడటం చేస్తుంది. అదే రోజు సాయంత్రం అరగంట కూర్చుని ఎవరేం గమనించారో పోల్చుకోండి.

వాడుక సౌలభ్యాన్ని కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్‌లో పది ప్రశ్నలే ఉంటాయి కాబట్టి దాన్ని వాడాలనిపిస్తుంది. దాని స్కోరు 0 నుంచి 100 వరకు ఉన్నా అది శాతం కాదు. సగటును సాధారణంగా 68గా తీసుకుంటారు. ఐదుగురి స్కోరుతో సైట్ మెరుగుపడిందని ప్రకటించడం సరికాదు. పాత సైట్‌కూ కొత్త సైట్‌కూ పెద్ద సంఖ్యలో జనంతో ఒకే పద్ధతిలో కొలిస్తేనే ఆ పోలికకు విలువ ఉంటుంది.

## ఎనిమిదో అడుగు: దృశ్య రూపం, అందరికీ అందుబాటు

వైకల్యం ఉన్నవారు కూడా సైట్‌ను వాడగలిగేలా చూసే అందుబాటు ప్రమాణాలను చివర్లో సరిచూసుకునే జాబితాగా కాకుండా రంగుల ఎంపిక నాడే పట్టించుకోవాలి. వెబ్ అందుబాటు ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వెలువడింది. దాని ఏఏ స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. దీన్ని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. తెల్లని నేపథ్యం మీద #767676 అన్న బూడిద రంగు 4.54:1తో గట్టెక్కుతుంది. కంటికి దాదాపు అదే రంగులా కనిపించే #777777 మాత్రం 4.48:1తో తప్పుతుంది. డిజైనర్లు ఇష్టంగా వాడే #999999 అయితే 2.85:1 దగ్గరే ఆగిపోతుంది. బ్రాండ్ రంగు ఈ పరీక్షలో తప్పితే, దాన్ని అక్షరాలకు కాకుండా పెద్ద ఆకారాలకు, నేపథ్యాలకు ఉంచి, అక్షరాల కోసం అదే రంగులో ముదురు ఛాయను ప్రతిపాదించండి. బ్రాండ్ విభాగం దీనికి చాలావరకు ఒప్పుకుంటుంది.

నొక్కే వాటి పరిమాణం కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు ఉండాలని, లేదా వాటి చుట్టూ తగినంత ఖాళీ ఉండాలని అదే ప్రమాణం చెబుతుంది. పేజీ 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా అడ్డంగా జరపాల్సిన అవసరం లేకుండా చదవగలగాలి. కీబోర్డుతో తిరిగేటప్పుడు ఎక్కడున్నామో కనిపించాలి. ఆటోమేటిక్ పరికరాలు కొన్ని తప్పులనే పట్టుకుంటాయి కాబట్టి ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఆపిల్ పరికరాల్లో ఉండే వాయిస్‌ఓవర్ వంటి స్క్రీన్ రీడర్లతో (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) ముఖ్యమైన పనులను మీరే చేసి చూడండి. కంపెనీ యూరోపియన్ యూనియన్‌లోని వినియోగదారులకు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే, 2025 జూన్ 28 నుంచి అక్కడ యూరోపియన్ యాక్సెసిబిలిటీ యాక్ట్ అమల్లో ఉందని వారి న్యాయ సలహాదారులకు గుర్తుచేయడం మంచిది.

## తొమ్మిదో అడుగు: సమీక్షా సమావేశాలు

"ఎలా ఉంది, నచ్చిందా?" అని ఎప్పుడూ అడగకండి. అలా అడిగితే ప్రతి ఒక్కరూ తమ అభిరుచి చెబుతారు, ఆ తర్వాత దాన్ని కాదనడం కష్టం. సమావేశం మొదట్లో ఈ పేజీ ఏ పని కోసమో, ఏ ఆధారాల మీద ఇలా వచ్చిందో చెప్పి, "పంపు పాడైన కస్టమర్ ఇక్కడి నుంచి సరైన సీల్ దాకా వెళ్లగలడా, మధ్యలో మనం ఏదైనా మరిచామా?" అని అడగండి. అభిప్రాయాలన్నీ క్లయింటు వైపు ఒకే వ్యక్తి క్రోడీకరించి, పరస్పరం విరుద్ధమైనవాటిని వారే తేల్చి పంపేలా ఒప్పందంలోనే రాసుకోవాలి.

హోం పేజీలో తమకూ చోటు కావాలని ప్రతి విభాగం అడిగే రోజు ఒకటి వస్తుంది. చివరికి అందరికీ తలా ఒక చిత్రం ఇచ్చే తిరిగే బ్యానర్ దగ్గర రాజీ కుదురుతుంది. ఆ రాజీకి ఒప్పుకునే ముందు, పాత సైట్‌లోనూ అలాంటి బ్యానర్ ఉంటే దానిలోని ఒక్కో చిత్రాన్ని ఎంతమంది నొక్కారో చూపించండి. అయినా క్లయింటు అదే కావాలంటే అది వారి సైట్, వారి నిర్ణయం. దాన్ని గౌరవంగా అమలుచేసి, మీ సూచన ఏమిటో, వారు ఎందుకు వేరే దారి ఎంచుకున్నారో ఒకే స్వరంలో చిట్టాలో రాసి, లాంచ్ తర్వాత ఏ కొలత చూసి మళ్లీ ఆలోచించాలో చేర్చండి. తాను చెప్పిందే జరగాలని పట్టుబట్టే కాంట్రాక్టర్‌ను ఎవరూ మళ్లీ పిలవరు. అన్నిటికీ తలూపే కాంట్రాక్టర్‌ను పిలవాల్సిన అవసరమే ఉండదు.

## పదో అడుగు: డెవలపర్లకు అప్పగింత

అప్పగింత అంటే డిజైన్ సాఫ్ట్‌వేర్ అయిన ఫిగ్మాలోని ఫైలు లింకు పంపడం కాదు. డెవలపర్లు వైర్‌ఫ్రేమ్ దశలోనే సమావేశాల్లో ఉండాలి. ఏది సులభమో ఏది ఖరీదో అప్పుడే చెబుతారు. భాగాల పేర్లు డిజైన్ ఫైలులోనూ కోడ్‌లోనూ ఒకటే ఉండేలా వారితో కలిసి నిర్ణయించండి. బొమ్మలో కనిపించని వాటిని మాటల్లో రాయాలి: ఫారం పంపాక ఏమవుతుంది, సర్వర్ స్పందించకపోతే ఏం కనిపిస్తుంది, మెనూ తెరిచి ఉన్నప్పుడు ఎస్కేప్ నొక్కితే ఏం జరుగుతుంది.

పేజీ వేగం డెవలపర్ల బాధ్యత అనుకోవద్దు. గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ (పేజీ వేగం, స్థిరత్వాల కొలతలు) ప్రకారం 75వ పర్సంటైల్ దగ్గర, అంటే నాలుగింట మూడు వంతుల సందర్శనల్లో, ఎల్‌సీపీ (పేజీలోని అతి పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం) 2.5 సెకన్లలోపు, ఐఎన్‌పీ (నొక్కినప్పుడు పేజీ స్పందించడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లలోపు, సీఎల్‌ఎస్ (పేజీలోని భాగాలు అనుకోకుండా ఎంత జరుగుతున్నాయో చెప్పే అంకె) 0.1లోపు ఉంటే మంచి స్థాయి. ఐఎన్‌పీ 2024 మార్చిలో ఎఫ్‌ఐడీ అన్న పాత స్పందన కొలత స్థానంలోకి వచ్చింది. పైన పెద్ద వీడియో పెట్టాలని, ఒకే ఫాంట్‌లో ఆరు మందాలు వాడాలని, కొలతలు చెప్పని చిత్రాలు ఉంచాలని నిర్ణయించేది డిజైనర్లే కదా. ఆ నిర్ణయాల ఫలితం ఈ అంకెల్లో కనిపిస్తుంది.

స్టేజింగ్ సైట్‌ను (లాంచ్‌కు ముందు పరీక్షించే ప్రతిని) సరిచూడటానికి మీ గంటలు కొన్ని ముందే కేటాయించుకోండి. కాంట్రాక్టులు సాధారణంగా డిజైన్ ఫైళ్లతోనే ముగుస్తాయి. కానీ ఖాళీలు చెదిరిపోవడం, పొరపాటు సందేశాలు మాయమవడం ఆ తర్వాతే జరుగుతాయి.

## పదకొండో అడుగు: లాంచ్

నాలుగో అడుగులో తయారుచేసిన పేజీల షీట్ ఇక్కడ రీడైరెక్ట్ (పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లింపు) పట్టికగా మారుతుంది. మారిన ప్రతి పాత చిరునామా ఎదురుగా దానికి సరైన కొత్త చిరునామా రాసి, 301 రీడైరెక్ట్ (శాశ్వత మళ్లింపు) పెట్టించాలి. అన్నిటినీ హోం పేజీకి మళ్లించడం సులభమే గానీ, మాన్యువల్ కోసం వచ్చినవారికి హోం పేజీ ఎందుకు? గూగుల్ కూడా అటువంటి మళ్లింపును దొరకని పేజీగానే పరిగణించవచ్చు. రీడైరెక్ట్‌లను కనీసం ఏడాది పాటు ఉంచాలని గూగుల్ సూచిస్తుంది. ఉత్పత్తి పెట్టెల మీదా మాన్యువల్స్‌లోనూ ముద్రించిన క్యూఆర్ కోడ్‌లు ఏ చిరునామాలకు వెళ్తున్నాయో ప్యాకేజింగ్ విభాగాన్ని అడిగి తెలుసుకుని, వాటి రీడైరెక్ట్‌లను ఎప్పటికీ తీసేయవద్దని చిట్టాలో రాయండి.

స్టేజింగ్ కోసం పెట్టిన నోఇండెక్స్ ట్యాగ్ (పేజీని చూపించవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తు) అసలు సైట్‌లో మిగిలిపోలేదని, ఫారాలు నిజంగా ఎవరి ఇన్‌బాక్స్‌కో చేరుతున్నాయని, అనలిటిక్స్ ఈవెంట్లు నమోదవుతున్నాయని లాంచ్ అయిన గంటలోనే చూసుకోండి. వారాంతం ముందు రోజు లాంచ్ వద్దని గట్టిగా చెప్పండి.

## చివరి అడుగు: వెళ్లేటప్పుడు

లాంచ్ తర్వాత 30వ రోజున, 90వ రోజున రెండు సమీక్షలను ఒప్పందంలోనే రుసుంతో సహా చేర్చుకోండి. మూడో అడుగులో రాసిపెట్టిన పాత కొలతలను కొత్తవాటి పక్కన పెట్టి, ఏవి మెరుగుపడ్డాయో, ఏవి పడలేదో ఉన్నదున్నట్లు రాసి ఇవ్వండి. సెర్చ్ ర్యాంకులు లాంచ్ తర్వాత కొన్ని వారాలు ఎగుడుదిగుడుగా ఉండటం మామూలేనని ముందే చెప్పి ఉంటే మొదటి సమీక్షలో కంగారు ఉండదు.

డిజైన్ ఫైళ్ల యాజమాన్యాన్ని కంపెనీ ఖాతాకు మార్చండి, మీ వ్యక్తిగత ఖాతాలో ఒక్క ఫైలు కూడా మిగలకూడదు. పరిశోధన రికార్డింగులను సమ్మతి పత్రంలో రాసిన గడువు ప్రకారం తొలగించి, తొలగించామని ఈమెయిల్ పంపండి. చిట్టాను ఇకపై నడిపేవారు ఎవరో కంపెనీ నిర్ణయించాక వారితో ఒక గంట కూర్చుని ప్రతి నమోదునూ చదివి వినిపించండి, వారు అడిగే ప్రశ్నలకు ఇచ్చిన జవాబులను కూడా అందులోనే చేర్చండి. చివరి ఇన్‌వాయిస్‌తో పాటు, మీకు ఇచ్చిన లాగిన్ అనుమతుల పూర్తి జాబితాను పంపి, వాటన్నిటినీ రద్దు చేసి నిర్ధారించమని ఐటీ విభాగాన్ని రాతపూర్వకంగా కోరండి.